‘ద షేప్ ఆఫ్ వాటర్’: కథలో చోటు ఎవరికి, పాత్ర ఎవరికి?

గియెర్మో దెల్ తోరో దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘ద షేప్ ఆఫ్ వాటర్’ 13 ఆస్కార్ నామినేషన్లు పొంది, ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా నాలుగు పురస్కారాలు గెలుచుకుంది. 1962 నాటి బాల్టిమోర్‌లో, ప్రభుత్వ ప్రయోగశాలను ఊడ్చి తుడిచే ఎలైజా అనే మాటలు రాని స్త్రీకీ, దక్షిణ అమెరికా నదిలో పట్టి గొలుసులతో బంధించి తెచ్చిన జలమానవుడికీ మధ్య పుట్టిన ప్రేమ ఇందులోని కథ. తోటి పనిమనిషి జెల్డా నల్లజాతి స్త్రీ. పక్కింటి చిత్రకారుడు గైల్స్ స్వలింగ ప్రేమికుడు. సమాజం అంచులకు నెట్టిన ఇంతమందిని నడిమధ్యకు తెచ్చిన సినిమాకే, మాటలు రాని స్త్రీ పాత్రను మాట ఉన్న నటికి ఇచ్చారని ప్రాతినిధ్యం విషయంలో విమర్శ ఎదురైంది. ఆ విమర్శ మూలాలు ఈ సినిమా కన్నా చాలా పాతవి.

హాలీవుడ్ స్టూడియోలు 1930లో ఆమోదించి 1934 నుంచి కఠినంగా అమలు చేసిన హేస్ కోడ్ అనే నియమావళి, తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను తెరపై నిషేధించింది. స్వలింగ ప్రేమ ఊసే ఎత్తనివ్వలేదు. మొదటి నిషేధాన్ని 1956లో తొలగించి, రెండోదాన్ని 1961లో సడలించారు. కోడ్ మొత్తం 1968లో పోయింది. మనుషుల మధ్య చూపకూడని ఆకర్షణకు ఆ కాలంలో వింతజీవుల సినిమాలే దారి ఇచ్చాయి, కాకపోతే చివరికి ఆ జీవి చావాల్సిందే. 1954 నాటి ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’లో అమెజాన్ జలచరం తెల్లజాతి యువతిని ఆశించి తూటాలకు బలవుతుంది. చిన్నతనంలో ఆ సినిమా చూసి వాళ్లిద్దరూ ఒకటైతే బాగుండునని కోరుకున్నానని దెల్ తోరో పలుమార్లు చెప్పారు. కథాకాలం ఎంపిక కూడా అలంకారం కోసం చేసినది కాదు: బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రంలో తెల్లవారికీ నల్లవారికీ పెళ్లిని నిషేధించే చట్టం 1967 దాకా ఉంది. నల్లజాతి దంపతులను కూర్చోనివ్వని తినుబండారాల దుకాణదారుడే మరుక్షణం గైల్స్‌నూ వెళ్లగొట్టే సన్నివేశం ఈ చరిత్రనంతా రెండు నిమిషాల్లో చెబుతుంది. నా దృష్టిలో సినిమాకు ఆయువుపట్టు అదే.

వైకల్యం విషయంలో మాత్రం పాత అలవాటు కొనసాగింది. మాటలు లేని సినిమాల కాలంలో బధిరులు మిగతా ప్రేక్షకులతో సమానంగా సినిమా చూడగలిగేవారు. బధిర చిత్రకారుడు గ్రాన్‌విల్ రెడ్మండ్ చాప్లిన్ చిత్రాల్లో నటించాడు కూడా. 1927 తర్వాత టాకీలు ఆ తలుపు మూసేశాయి. ఆపైన మూగ, చెవిటి పాత్రలు వినగలిగే, మాట్లాడగలిగే తారలకు పురస్కారాలు తెచ్చే అవకాశాలుగా మారాయి: ‘జానీ బెలిండా’కు జేన్ వైమన్, ‘ద పియానో’కు హాలీ హంటర్ ఉత్తమ నటి ఆస్కార్ అందుకున్నారు. నటనకు ఆస్కార్ పొందిన తొలి బధిర నటి మార్లీ మాట్లిన్‌కు అది 1987లో దక్కగా, రెండో బధిర కళాకారుడు ట్రాయ్ కాట్సర్‌కు 2022లో గానీ దక్కలేదు.

ఎలైజాగా నటించిన శాలీ హాకిన్స్‌కు మాట ఉంది. సైగల భాషను ఆమె పాత్ర కోసం నేర్చుకుంది. ఆమె నటన గొప్పదనాన్ని కాదనడం లేదు. ఎలైజాకు చెవులు వినిపిస్తాయి కాబట్టి ఆమె బధిర పాత్ర కాదన్నదీ నిజమే, కానీ ఆమె మాటలు దాదాపు అన్నీ సైగల భాషలోనే ఉంటాయి. అంతకన్నా లోతైన అభ్యంతరం ముగింపు మీద: మెడ మీది మచ్చలు మొప్పలై ఆమె నీటిలోకి చేరుకోవడం స్వేచ్ఛలా కనిపించినా, వైకల్యం ఉన్న స్త్రీకి మనుషుల మధ్య ప్రేమ దొరకదన్న అర్థమూ అందులో ఉందని వైకల్యం గల విమర్శకులు రాశారు. ఆ అభ్యంతరం సబబే అనుకుంటాను. జెల్డా పరిస్థితీ దీనికి దూరంగా లేదు. ఆ పాత్ర పోషించిన ఆక్టేవియా స్పెన్సర్‌కు వచ్చిన మూడు ఆస్కార్ నామినేషన్లూ 1960ల అమెరికా కథలకే వచ్చాయి, వర్తమాన కాలపు పాత్రకు ఒక్కటీ రాలేదు.

వైకల్యం ఉన్న పాత్రలకు తగిన నటులు దొరకరన్న సమాధానం 2017 నాటికే చెల్లదు. ఆ ఏడాదే టాడ్ హేన్స్ తన ‘వండర్‌స్ట్రక్’లో బధిర బాలిక పాత్రకు, అంతకుముందు సినిమాల్లో కనిపించని బధిర బాలిక మిలిసెంట్ సిమ్మండ్స్‌ను ఎంచుకున్నారు.