వాగు హోరులో చెయ్యెత్తే కప్ప

వానలు పడ్డాక ములుగు జిల్లా వాజేడు దగ్గర బొగత జలపాతానికి పోయినవాళ్లకు తెలుసు, అక్కడ మాట వినపడదు. పది అడుగుల దూరంలో ఉన్న మనిషిని పిలవాలన్నా చెయ్యి ఊపాల్సిందే. పోయిన శ్రావణంలో అవతలి బండ మీద నుంచి మా తమ్ముడు అలా చెయ్యి ఊపుతుంటే నాకు పనామా బంగారు కప్ప గుర్తొచ్చింది.

వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే మన గరుకు తోలు కప్పకు ఇది దూరపు చుట్టం. ఊరు మాత్రం మధ్య అమెరికాలోని పనామా కొండలు. అడవి నీడన పరుగెత్తే చల్లటి వాగుల ఒడ్డునే దాని బతుకు. నిగనిగలాడే పసుపు ఒళ్లు, కొన్నిటికి నల్ల మచ్చలు. చర్మంలో గట్టి విషం ఉంటుంది, జోలికి రావద్దని చెప్పే రంగు అది. దాని తోకకప్పలకైతే పొట్ట కింద రాయికి అతుక్కునే పట్టు ఉంటుంది. ఎంత వడి ఉన్నా కొట్టుకుపోకుండా రాయిని కరుచుకుని ఉంటాయి.

ఈ కప్పకు బయటికి కనిపించే కర్ణభేరి లేదు. సన్నగా కూస్తుంది గానీ, వాగు హోరులో ఆ కూత ఎంత దూరం పోతుంది? ముందుకాలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పుతుంది. ఇంకో మగది దగ్గరికొస్తే హెచ్చరించడానికీ, ఆడదాన్ని పలకరించడానికీ ఆ సైగే.

మన పల్లెల్లో వాన కోసం కప్పతల్లి ఆట ఆడి, రోకలికి కట్టిన కప్ప మీద నీళ్లు పోస్తారు. పనామాలో ఈ కప్ప కనబడితే అదృష్టమనీ, చనిపోయాక బంగారంగా మారుతుందనీ నమ్మేవాళ్లు. ఆగస్టు 14ను దాని పేరిట జాతీయ దినంగా జరుపుకుంటారు. అంత ప్రేమ ఉన్న దేశంలోనే అది అడవిలో కనబడకుండా పోయింది. తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

అడవి నరకడం, పట్టుకుని అమ్మడం కొంత దెబ్బతీశాయి. అసలు చావుదెబ్బ కైట్రిడ్ అనే బూజుది. శాస్త్రవేత్తలు దానికి 1999లో పేరు పెట్టారు. దాని బీజాలు నీళ్లలో ఈదుతూ వచ్చి కప్ప చర్మంలో చేరతాయి. కప్ప నీళ్లు పీల్చుకునేది, ఒంట్లో ఉప్పులు సరిచూసుకునేది చర్మంతోనే. అది చెడితే సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. ఈ బూజుకు 17 నుంచి 25 డిగ్రీల చల్లదనం బాగా నప్పుతుంది. అంటే కప్పకు ఇల్లయిన కొండవాగే బూజుకూ ఇల్లు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం ఈ జబ్బు వల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయి, వాటిలో 90 పూర్తిగా అంతరించినట్టే. మన పడమటి కనుమల్లోనూ ఈ బూజు జాడ దొరికింది, అయితే అలాంటి సామూహిక మరణాలు ఇక్కడ కనబడలేదు.

పనామాలో బూజు పడమటి నుంచి తూర్పుకు కొండ తర్వాత కొండ దాటుతూ వచ్చింది. 2006లో ఎల్ వాయె అనే కొండ ఊరికి అది చేరేలోగా కప్పల్ని కాపాడాలని అందరికీ ఒకటే టెన్షన్. సంరక్షణ కేంద్రం కట్టడం ఇంకా పూర్తి కాలేదు. దాంతో ఒక హోటల్ గదులు తీసుకుని, పట్టుకొచ్చిన కప్పల్ని అక్కడే ఉంచి, శుభ్రమైన నీళ్లూ పురుగులూ పెట్టి సాకారు. జబ్బు తగిలిన కప్పను మందు నీళ్లలో ముంచి నయం చేయొచ్చు. వాగునంతా అలా కడగలేం కదా, మళ్లీ వదిలితే మళ్లీ అంటుకుంటుంది.

అందుకే ఈ జాతి ఇప్పుడు ఎక్కువగా పనామాలోని కేంద్రాల్లో, అమెరికా జూల్లో గాజు పెట్టెల్లో పెరుగుతోంది. అక్కడ వాగు హోరు లేదు. అయినా పక్క కప్ప కదిలితే, ముందుకాలు ఎత్తి ఊపుతుంది.