నలభై దాటాక మళ్లీ చదువు: అపోహలు, వాస్తవాలు

నారాయణగూడలోని మా కౌన్సెలింగ్ గదికి వచ్చే నడివయసు వారిలో చాలామంది కుర్చీలో సర్దుకోకముందే వయసు చెప్పేస్తారు. "నాకు 43 అండీ, ఇప్పుడు పుస్తకం పడితే నలుగురూ నవ్వుతారేమో" అన్న మాటను పద్నాలుగేళ్లుగా ఏదో ఒక రూపంలో వింటూనే ఉన్నాను. నేను అడిగేవి వేరే ఉంటాయి: వారానికి ఎన్ని గంటలు చేతిలో ఉంటాయి, ఆ కోర్సుకు హాజరు తప్పనిసరా, చివర వచ్చే పట్టాతో మీరు కోరుకునే పనిని చట్టప్రకారం చేయవచ్చా? నేను చూసినంతలో ప్రయత్నాలు ఎక్కువగా చతికిలబడేది ఈ మూడింటి దగ్గరే.

అపోహ: ఈ వయసులో ఎవరూ చేర్చుకోరు.

తెలంగాణలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం రాసే లాసెట్‌కు గానీ, బీఎడ్ కోసం రాసే ఎడ్‌సెట్‌కు గానీ, ఎంబీఏ, ఎంసీఏల కోసం రాసే ఐసెట్‌కు గానీ గరిష్ఠ వయోపరిమితి లేదు. వైద్యవిద్య కోసం రాసే నీట్‌కు సైతం 2022లో దానిని ఎత్తివేశారు. అయితే ప్రవేశానికి అడ్డురాని వయసు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ, ప్రభుత్వ నియామకాలకూ అడ్డు వస్తుంది. కాబట్టి 45వ ఏట బీఎడ్‌లో చేరాలనుకునేవారు, రెండేళ్ల తరువాత సర్కారు బడికి దరఖాస్తు చేసే వీలుంటుందా లేక ప్రైవేటు బడులనే నమ్ముకోవాలా అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ ఏ చదువైనా దూరవిద్యలో పూర్తిచేయవచ్చు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అదే. బహుశా అందుకేనేమో, ఇక్కడివారికి దూరవిద్యపై ఉన్న నమ్మకం ఒక్కోసారి హద్దు దాటుతుంది. న్యాయశాస్త్ర పట్టాను దూరవిద్యలో ఇవ్వడానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒప్పుకోదు. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు ఉండాలి. పట్టా చేతికొచ్చాక కూడా, పూర్తికాలపు జీతం తీసుకుంటున్నవారు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ కూడా తరగతిలో కూర్చుని చదవవలసినవే.

ఈ జాబితా పెరుగుతోందని చాలామంది గమనించలేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలోనూ, ఆన్‌లైన్‌లోనూ నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025లో ఆదేశించింది. అందులో మనస్తత్వశాస్త్రం, పోషకాహార శాస్త్రం ఉన్నాయి. మా దగ్గరికి వచ్చే మహిళలలో ఎక్కువమంది కోరుకునేవి సరిగ్గా ఆ రెండే. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన ఒకావిడ, ఇక పిల్లలకు కౌన్సెలర్‌గా పనిచేయాలని ఎంఏ సైకాలజీ ప్రకటన కాగితాన్ని పట్టుకొచ్చారు. సీట్లు అయిపోతున్నాయంటూ ఫోన్లమీద ఫోన్లు వస్తున్నాయట. యూజీసీ దూరవిద్యా విభాగపు వెబ్‌సైటును ఆమె ఎదుటే తెరిచి వెతికితే, ఆ సంస్థ పేరు కనిపించింది గానీ ఆ కోర్సు కనిపించలేదు. సంస్థకు గుర్తింపు ఉన్నంతమాత్రాన కోర్సుకు ఉన్నట్టు కాదు. రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి. ఈ పాఠం నాకూ ఉచితంగా రాలేదు. 38వ ఏట నేను డబ్బు పోసి చేసిన ఒక డిప్లొమాకు ఏ గుర్తింపూ లేదని పరీక్షలన్నీ రాసిన తరువాత తెలిసింది.

ఆవిడ ప్లాస్టిక్ ఫోల్డరులో మరో చిక్కు కూడా బయటపడింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, డిగ్రీ పట్టాలో పేరు చివరన ఉంది. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే ఆధార్ ఆధారంగా తీసుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమయ్యే ఖాతా) సంఖ్య కావాలి గనుక, ఈ సవరణలను ప్రవేశాల గడువుకు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది.

అపోహ: దూరవిద్య పట్టాకు రెగ్యులర్ పట్టా అంత విలువ లేదు.

గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చినదైతే రెండూ సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది.

అపోహ: ఉద్యోగం మానేస్తేనే చదువు మీద మనసు నిలుస్తుంది, అప్పు పిల్లల చదువుకే చేయాలి.

ఉద్యోగం మానేసే ముందు పింఛను లెక్క చూసుకోవాలి. ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్) పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. ఎనిమిదేళ్ల సర్వీసు తరువాత మానేసి, పింఛను ఖాతా సొమ్ము కూడా వెనక్కు తీసుకుంటే, ఆ ఎనిమిదేళ్లూ లెక్కలోంచి పోతాయి. ఇక విద్యారుణం విషయానికొస్తే, సొంత చదువుకు బ్యాంకులో తీసుకున్న అప్పు మీద కట్టే వడ్డీకి కూడా, పాత పన్ను విధానంలో ఉన్నవారికి, ఆదాయపు పన్ను లెక్కలో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. బావమరిది దగ్గర తెచ్చిన అప్పుకు మాత్రం ఇది వర్తించదు.

అపోహ: అమీర్‌పేటలో మూడు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తే పాత అనుభవంతో పని లేదు.

ఈ మాట నమ్మినవారిలో కొందరు దొంగ అనుభవ పత్రాలు కొనేదాకా వెళ్తారు. పీఎఫ్ ఖాతాలోని సర్వీసు చరిత్రను కంపెనీవాళ్లు సరిచూసిన రోజున ఆ కథ బయటపడుతుంది. నిజానికి ఈ వయసువారి దగ్గర అమ్ముడయ్యే సరుకు ఆ పాత అనుభవమే. బాలానగర్‌లోని ఒక పరిశ్రమలో కొనుగోళ్ల విభాగంలో 16 ఏళ్లు పనిచేసిన ఒకాయన డేటా అనలిటిక్స్ నేర్చుకుని వచ్చారు. ఆయన రెజ్యూమెలో ఆ 16 ఏళ్లు రెండు వరుసల్లో ముగిశాయి, మూడు నెలల కోర్సు పేజీ అంతా పరుచుకుంది. దాన్ని తలకిందులు చేసి రాయించాను. తరువాత వెళ్లిన ఇంటర్వ్యూలో ఆయనను కోడింగ్ గురించి అడిగింది కాసేపేనట. మిగతా సమయమంతా, ఉక్కు ధర పెరిగిన నెలల్లో సరఫరాదారులతో ఎలా నెగ్గుకొచ్చారో చెప్పమన్నారట.