సీఎస్‌ఆర్ ప్రపోజల్‌లో ఎగ్జిక్యూటివ్ సమ్మరీ: అపోహలు - వాస్తవాలు

కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఇచ్చే నిధుల కోసం స్వచ్ఛంద సంస్థలకు ప్రపోజల్స్ రాసిపెట్టడం నా పని. వాటి మొదటి పేజీలో ఉండే సారాంశం, అంటే ఎగ్జిక్యూటివ్ సమ్మరీ గురించి ఎక్కువగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: సమ్మరీ అంటే ముందుమాట లాంటిది.
వాస్తవం: కంపెనీలో మీ ప్రపోజల్ పూర్తిగా చదివేది సీఎస్‌ఆర్ మేనేజర్ ఒక్కరే కావచ్చు. డబ్బు మంజూరు చేసే కమిటీ, బోర్డు చూసేది ఆ ఒక్క పేజీనే. అక్కడ మాట్లాడటానికి మీరుండరు. మేనేజర్ తన నోట్‌లోకి ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకునేలా ఉండాలి.

అపోహ: ముందు సంస్థ చరిత్ర, ఆశయాలు చెప్పి, డబ్బు చివర్లో అడగడం మర్యాద.
వాస్తవం: అప్పుకోసం వచ్చినవాడు కుశలప్రశ్నలన్నీ అయ్యాక గుమ్మం దగ్గర అసలు మాట బయటపెట్టినట్టుంటుంది. మొదటి పేరాలోనే అడగండి. నమూనాకు (అంకెలు ఊహించినవే): “పాడేరు మండలంలో 6 గ్రామాల గిరిజన మహిళా రైతులు 240 మంది సామలు పొట్టు తీయకుండానే సంతలో అమ్మేస్తున్నారు. పొట్టు తీసే యంత్రాలు పెట్టి, వాటిని నడపడం నేర్పి, రెండేళ్లలో సగం పంటనైనా బియ్యంగా అమ్మేలా చేస్తాం. కోరుతున్నది 18 లక్షలు. షెడ్డుకు స్థలం మహిళా సంఘాలు ఇస్తున్నాయి.” మీ సంస్థ ఎప్పుడు పుట్టిందన్నది దీని తర్వాతే. ‘సాధికారత’, ‘సమగ్రాభివృద్ధి’ లాంటివి ఎన్ని తీసేస్తే అంత మంచిది.

అపోహ: పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు కాబట్టి జీతాల ఊసెత్తకూడదు.
వాస్తవం: ఇది మొండి అపోహ. ఆ 5 శాతం, కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు పరిమితి. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ఊళ్లు తిరిగే కోఆర్డినేటర్ జీతాన్ని ‘శిక్షణ సామగ్రి’ కింద దాచే అవసరమే లేదు. విదేశీ నిధుల సంగతి వేరు: 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) చేసిన సవరణతో అక్కడ పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది.

అపోహ: రిజిస్ట్రేషన్ల వివరాలన్నీ సమ్మరీలో ఉండాలి.
వాస్తవం: ఒక్క వరుస చాలు. ఆదాయపన్ను రిజిస్ట్రేషన్లయిన 12ఏ, 80జీతో పాటు, సీఎస్‌ఆర్ నిధులు తీసుకునే సంస్థగా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు వేయండి. 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. మీ పని కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో (సీఎస్‌ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా) ఏ అంశం కిందికి వస్తుందో కూడా రాయండి. మిగతావి అనుబంధాల్లోకి.

అపోహ: మొదటి పేజీ కాబట్టి మొదట రాయాలి.
వాస్తవం: బడ్జెట్ ఖరారయ్యాకే రాయండి. పంపేముందు అడిగిన మొత్తం, గ్రామాల సంఖ్య, గడువు బడ్జెట్ షీట్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి. సమ్మరీలో 18 లక్షలు, షీట్‌లో 19.4 లక్షలు ఉంటే కమిటీ సామల దాకా రాదు.