రేడియేటర్‌కు తగిలే గాలి: బండి వేడెక్కడంపై అపోహలు - వాస్తవాలు

మార్చి దాటిందంటే మా వర్క్‌షాప్‌కు వచ్చే బండ్లలో చాలావాటిది ఒకటే ఫిర్యాదు: ఇంజన్ వేడెక్కుతోంది, మీటరులో ఎర్రదీపం వెలుగుతోంది. హైదరాబాద్ మూసాపేటలో పదహారేళ్లుగా లిక్విడ్ కూలింగ్ బండ్ల మీద, అంటే ఇంజన్‌ను ద్రవంతో చల్లబరిచే బండ్ల మీద పని చేస్తున్నాను. 2008లో యమహా ఆర్15, 2012లో కేటీఎం డ్యూక్ 200, పల్సర్ 200 ఎన్ఎస్ వచ్చాక రేడియేటర్ (వేడెక్కిన ఆ ద్రవాన్ని గాలితో చల్లార్చే భాగం) ఉన్న బండి మన వీధుల్లో మామూలు విషయమైంది. 2023లో హిమాలయన్ 450తో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా ఆ దారికే వచ్చింది. బండి వేడెక్కగానే కూలెంట్ (ఆ చల్లబరిచే ద్రవం) మార్చడం, వేడిని బట్టి దాని దారి తెరిచే థర్మోస్టాట్ పీకడం, చివరికి దాన్ని తిప్పే వాటర్ పంపు విప్పడం వరకూ వెళ్తున్నాం కానీ, రేడియేటర్‌లోకి వచ్చిన గాలి ఎటు పోతోందో చూసేవారు చాలా తక్కువ. వర్క్‌షాప్‌లో రోజూ వినే అపోహలను, వాటి వెనక ఉన్న అసలు విషయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎండాకాలంలో బండి వేడెక్కడం సహజం, దానికి చేసేదేమీ లేదు.

సగం నిజం. రేడియేటర్ గాలిలోకి వదిలే వేడి, కూలెంట్ ఉష్ణోగ్రతకూ బయటి గాలి ఉష్ణోగ్రతకూ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, జనవరి ఉదయం 20 డిగ్రీల గాలిలో ఆ తేడా 75 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిలో అది 53కి పడిపోతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర రెండు బస్సుల మధ్య ఇరుక్కుని, వాటి కింద నుంచి వచ్చే 50 డిగ్రీల సెగలో నిలబడితే మిగిలేది 45 మాత్రమే. అంటే అంతే గాలి తగులుతున్నా, జనవరిలో పది వంతుల వేడిని బయటికి పంపిన రేడియేటర్ మే నెలలో ఏడు వంతులే, ఆ సిగ్నల్ దగ్గర ఆరు వంతులే పంపగలదు. బయటి ఎండను మనం మార్చలేం. రేడియేటర్ గుండా వెళ్లే గాలిని మాత్రం మార్చగలం, కాపాడుకోగలం. చలికాలంలో బయటపడని చిన్న లోపం ఎండాకాలంలో బయటపడేది కూడా ఇందుకే.

అపోహ: రేడియేటర్ ముందు ఏ అడ్డూ లేకపోతే చాలు, గాలి దానంతట అదే లోపలికి పోతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినేదీ, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఈ అపోహే.

నిరుడు వేసవిలో గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే నల్గొండ అబ్బాయి ఒకరు ఫుల్ ఫెయిరింగ్ (ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండి తీసుకొచ్చారు. సిటీ ట్రాఫిక్‌లో కూలెంట్ 100 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఏ ఇబ్బందీ లేదు. శని, ఆదివారాల్లో ఊరికి వెళ్దామని విజయవాడ హైవే ఎక్కి వేగం 90 దాటగానే మాత్రం అది 110కి ఎగబాకుతోంది. అప్పటికే రెండు చోట్ల చూపించారట. కూలెంట్, థర్మోస్టాట్, వాటర్ పంపు అన్నీ కొత్తవే. "అన్నా, ముందలంతా ఖాళీగనే ఉంది గదా, గాలి ఎందుకు తగుల్తలేదు?" అని అడిగారు. ఆ ప్రశ్నలోనే అసలు పొరపాటు ఉంది.

బండిని స్టాండు మీద పెట్టి చూస్తే రెండు విషయాలు కనిపించాయి. అంతకుముందు బండి పడినప్పుడు పగిలిన ఫెయిరింగ్ పక్క ప్యానెళ్ల స్థానంలో బయట దొరికే నకలు ప్యానెళ్లు వేశారు. కంపెనీ ప్యానెల్‌లో వేడిగాలి బయటికి పోయే రంధ్రాలున్న చోట, వీటిలో ఆ ఆకారం మాత్రమే అచ్చు వేసి ఉంది. వేలు పెట్టి చూస్తే వెనక ప్లాస్టిక్ మూసే ఉంది. రెండోది, రేడియేటర్ పై అంచుకూ ఫెయిరింగ్‌కూ మధ్య ఉండాల్సిన నల్ల స్పాంజి పట్టీ లేదు. విప్పి బిగించేటప్పుడు ఎవరో పారేసి ఉంటారు.

నేను చెప్పేదానికంటే ఆయన కళ్లారా చూడటం మంచిదని ఎర్ర ఊలు దారాన్ని వేలెడు పొడవు ముక్కలు చేసి, ఒక కొస మాత్రం టేపుతో రేడియేటర్ ముందు, దాని పై అంచున, పక్క ప్యానెళ్ల మీద అంటించాం. అవుటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కాబట్టి, మర్నాడు పొద్దున్నే దాని పక్క సర్వీస్ రోడ్డు మీద మా కుర్రాడు ఆ బండిని 60 వేగంతో నడిపాడు. ఇంకో బండి వెనక కూర్చుని నేను ఫోన్‌లో వీడియో తీశాను. రేడియేటర్ కింది భాగంలోని పోగులు దాని రెక్కలకు (గాలి మధ్య నుంచి వెళ్లే పలుచని రేకులకు) అతుక్కుని ఉన్నాయి. పై అంచునవి మాత్రం రేడియేటర్‌లోకి పోకుండా, దాని మీదుగా సందులోంచి వెనక్కి ఎగిరిపోతున్నాయి. పక్క ప్యానెళ్ల దగ్గర ఒక్క పోగు కూడా బయటికి లాగబడలేదు, అలాగే వేలాడుతున్నాయి.

గాలి దేన్నైనా తోసుకుని వెళ్లాలంటే ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉండాలి. రేడియేటర్ ముందు ఎంత ఒత్తిడి ఉందనేది సగం లెక్క మాత్రమే. బయటికి పోయే దారి మూసుకుపోతే రేడియేటర్ వెనక, ఇంజన్ చుట్టూ గాలి పేరుకుపోయి అక్కడి ఒత్తిడి కూడా పెరుగుతుంది. రెండు వైపులా ఒత్తిడి దగ్గర దగ్గరగా సమానమైతే రెక్కల గుండా గాలి కదలదు. ఆపైన స్పాంజి లేని సందు ఒకటి దొరికితే, ఇరుకైన రెక్కల మధ్య నుంచి వెళ్లాల్సిన గాలి ఆ సందునే ఎంచుకుంటుంది. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది, నీటిలాగే.

పాత ప్యానెల్ కొలతల ప్రకారం నకలు ప్యానెల్ రంధ్రాలను కోసి, అంచులు నున్నగా చేసి, రేడియేటర్ పైనా పక్కలా స్పాంజి పట్టీ అతికించాం. తర్వాత తీసిన వీడియోలో పక్క పోగులన్నీ వెనక్కి తిన్నగా సాగి నిలిచాయి. హైవే మీద అదే వేగంలో కూలెంట్ 97 దగ్గర ఆగింది. రెండు చోట్ల ఆయన పెట్టిన ఖర్చు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ స్పాంజి పట్టీ ఖరీదు వంద రూపాయలు కూడా కాదు.

ఈ సూత్రం కొత్తది కాదు. 1930లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో మెరెడిత్ అనే ఇంజనీరు విమాన రేడియేటర్ల గాలి దారి మీద పని చేశారు. ఆ పద్ధతినే వాడుకున్న రెండో ప్రపంచ యుద్ధ కాలపు ముస్టాంగ్ విమానంలో, గాలి లోపలికి వచ్చే ముందు నోరు రేడియేటర్ కంటే చిన్నది. అక్కడి నుంచి గొట్టం క్రమంగా వెడల్పు అవుతుంది, దాంతో గాలి నెమ్మదించి దాని ఒత్తిడి పెరుగుతుంది. ఇంజన్ వేడిని అదుపు చేయడానికి ఆ విమానంలో తెరిచేదీ మూసేదీ ముందు నోరు కాదు, వెనక గాలి బయటికి పోయే తలుపు. మోటార్‌సైకిళ్లలోనూ దీనికి మంచి ఉదాహరణ ఉంది: న్యూజిలాండ్‌కు చెందిన జాన్ బ్రిటెన్ తన వి1000 రేసు బండిలో రేడియేటర్‌ను ఏకంగా సీటు కింద పెట్టి, ముందు నుంచి గొట్టాల ద్వారా గాలిని అక్కడికి తీసుకెళ్లారు. ముందు భాగంలో కంటికి కనిపిస్తేనే రేడియేటర్‌కు గాలి తగులుతుందన్న నమ్మకానికి ఆ ఒక్క బండే జవాబు.

అపోహ: ఫెయిరింగ్ విప్పేస్తే ఇంజన్ చల్లబడుతుంది.

సిగ్నళ్ల మధ్య నెమ్మదిగా తిరిగేటప్పుడు రైడర్ కాళ్లకు తగిలే సెగ కొంత తగ్గవచ్చు. అయితే ఫెయిరింగ్ ఉన్న బండిలో ఆ ప్యానెళ్లే గాలిని రేడియేటర్ వైపు మళ్లించే గొట్టంలా పని చేస్తాయి. వాటిని తీసేస్తే ముందు చక్రం, ఫోర్కులు చెదరగొట్టిన గాలి పక్కలకు జారిపోతుంది. ఫెయిరింగ్ లేకుండా తయారైన బండ్లలో కూడా రేడియేటర్‌కు రెండు పక్కలా ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, చూడండి. అవి అందానికి పెట్టినవని విప్పి పక్కన పడేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: ఫ్యాన్ తరచూ తిరుగుతోందంటే ఇంజన్‌లో ఏదో లోపం ఉంది.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే ఒత్తిడి, మన హైదరాబాద్ ఎత్తులో, వేసవి గాలిలో, దాదాపు 40 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు కలిగించే ఒత్తిడితో సమానం. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర అది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఎందుకంటే వేగం అయిదో వంతుకు తగ్గితే ఒత్తిడి ఇరవై అయిదో వంతుకు తగ్గుతుంది. మెహిదీపట్నం నుంచి టోలీచౌకి వరకు పాకుతూ వెళ్లే బండికి రేడియేటర్‌లోకి గాలిని లాగేది ఫ్యాన్ ఒక్కటే. అది తిరగడం ఆరోగ్య లక్షణం. మీటరులో వేడి పెరుగుతున్నా తిరగకపోవడమే లోపం.

నేను మొదట అడిగే ప్రశ్న కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది: బండి ఆగినప్పుడు వేడెక్కుతోందా, పరుగెత్తినప్పుడు వేడెక్కుతోందా? ఆగినప్పుడు మాత్రమే అయితే ఫ్యాన్, దాని ఫ్యూజు, రిలే, సెన్సార్ చూడాలి. పరుగెత్తినప్పుడు మాత్రమే అయితే ఫ్యాన్‌ను ముట్టుకోనక్కర్లేదు. గాలి దారి, రెక్కల మధ్య చెత్త, రేడియేటర్ లోపల పేరుకున్న పొర చూడాలి. రెండు సందర్భాల్లోనూ వేడెక్కుతుంటే కూలెంట్ మట్టం, పంపు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. ఫ్యాన్ మార్చినప్పుడు రెండు తీగలు తారుమారైతే అది ఎదురు దిశలో తిరుగుతుంది. శబ్దం మామూలుగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రేడియేటర్ ముందు ఒక పలుచని కాగితం పట్టి చూడండి: ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉన్న బండిలో కాగితం రెక్కలకు అతుక్కోవాలి. అది మీ చేతి వైపు ఎగిరితే ఫ్యాన్ ఎదురుగాలితో పోట్లాడుతున్నట్టే.

అపోహ: రేడియేటర్ గార్డు ఎంత సన్నని జాలీ అయితే అంత రక్షణ.

రక్షణ నిజమే, దాని ధర కూడా లెక్క వేసుకోవాలి. 1 మిల్లీమీటరు తీగతో 3 మిల్లీమీటర్ల గళ్లున్న జాలీలో గాలికి తెరిచి ఉండేది 56 శాతం మాత్రమే. అదే తీగతో 6 మిల్లీమీటర్ల గళ్లయితే 73 శాతం. రేడియేటర్‌ను చిల్లు పొడిచే కంకర రాయిని ఆపడానికి 6 మిల్లీమీటర్ల గడి సరిపోతుంది. పుట్లీబౌలి, రాణీగంజ్ దుకాణాల్లో దొరికే కొన్ని గార్డుల మీద పెద్ద అక్షరాలతో బండి పేరు కోసి ఉంటుంది. ఆ అక్షరాల వెనక రేకు పూర్తిగా మూసే ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు పేరును కాదు, ఖాళీని చూడండి. గార్డు రెక్కలకు ఆనుకోకుండా కనీసం వేలి మందం దూరంలో ఉండాలి. రేడియేటర్ ముందు అదనపు లైట్లు, పెద్ద హారన్లు బిగించడం, లెగ్ గార్డుకు సంచులు తగిలించడం కూడా ఈ కోవలోకే వస్తాయి. మడ్‌గార్డు కింద వేసే పొడిగింపు ముక్క మాత్రం మంచిదే. అది బురదను రేడియేటర్ దాకా రానివ్వదు.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా నడుస్తుంది.

థర్మోస్టాట్ మామూలుగా 80 డిగ్రీలకు అటూ ఇటూ తెరుచుకోవడం మొదలుపెట్టి, వేడి పెరిగేకొద్దీ పూర్తిగా తెరుచుకుంటుంది. 105 దగ్గర బాధపడుతున్న బండిలో అది సరిగ్గా పని చేస్తున్నట్టయితే ఎప్పుడో తెరుచుకునే ఉంటుంది, దాన్ని తీసేసి సాధించేది చాలా తక్కువ. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ పక్కదారిని మూస్తుంది. అలాంటి దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది. థర్మోస్టాట్ మూసుకున్న స్థితిలోనే ఇరుక్కుపోయి ఉంటే కొత్తది వేయండి, ఖాళీగా వదలకండి.

అపోహ: కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత చల్లదనం.

కూలెంట్ అంటే నీరు, గ్లైకాల్ అనే ద్రవం కలిసిన మిశ్రమం. వేడిని మోసే శక్తి గ్లైకాల్ కంటే నీటికే ఎక్కువ. గ్లైకాల్ మరిగే స్థానాన్ని పెంచుతుంది. కూలెంట్‌లో దానితో పాటు కలిపే మందులు తుప్పును ఆపుతాయి. కంపెనీ చెప్పిన పాళ్లలో, శుద్ధి చేసిన నీటితో కలపాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అది రేడియేటర్ గొట్టాల లోపల పొరగా పేరుకుంటే బయట ఎంత గాలి తగిలినా వేడి బయటికి రాదు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి. ఆ మూత నిలిపిన ఒత్తిడి వల్లనే 100 డిగ్రీలు దాటిన కూలెంట్ మరగకుండా ఉంటుంది, మూత తిప్పగానే అది ఆవిరై ముఖం మీదికి ఎగుస్తుంది. చేయి కాలిన వాళ్లను ఇద్దరిని నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అపోహ: వాటర్ సర్వీసింగ్‌లో పైపుతో గట్టిగా కొట్టిస్తే రేడియేటర్ శుభ్రమవుతుంది.

రెక్కలు కాగితమంత పలుచని అల్యూమినియం. దగ్గర నుంచి ఒత్తిడి నీళ్లు ఏటవాలుగా కొడితే అవి పక్కకు ఒరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి, ఆ చోట గాలికి తలుపు వేసినట్టే. ముందు నుంచి కొడితే పురుగులు, బురద ఇంకా లోపలికి కూరుకుపోతాయి. సరైన పద్ధతి ఇది: ఇంజన్ పూర్తిగా చల్లారాక, మామూలు తోట పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకు, రెక్కలకు నేరుగా నీళ్లు పట్టాలి. ఎండిన బురద ఉంటే సబ్బు నీళ్లు చల్లి పావుగంట నాననివ్వాలి, మెత్తని బ్రష్షును రెక్కల వెంట మాత్రమే కదపాలి. ఒరిగిన రెక్కలను ఫిన్ కోంబ్‌తోనో (రెక్కలను సరిచేసే దువ్వెన లాంటి పనిముట్టు), అది లేకపోతే ఓపికగా పలుచని ప్లాస్టిక్ ముక్కతోనో నిలబెట్టవచ్చు. తర్వాత రేడియేటర్ వెనక ఒక చిన్న టార్చి పెట్టి ముందు నుంచి చూడండి. వెలుతురు సమానంగా కనిపించిన చోట గాలి పోతుంది. నల్లగా మచ్చలా కనిపించిన చోట ఇంకా మట్టి ఉంది. వానాకాలం ముగిశాక ఒకసారి, మార్చి రాకముందు ఇంకోసారి ఈ పని చేస్తే చాలు. బండి నిర్మాణ పనులు జరిగే కొల్లూరు, నార్సింగి దారుల్లో రోజూ తిరిగేదైతే నెలకొకసారి టార్చి పెట్టి చూసుకోండి, అక్కడి సిమెంటు దుమ్ము తడి తగిలితే రెక్కల మధ్యే గట్టిపడుతుంది.