ఎలుక నుంచి మనిషికి 15 ఏళ్లు: జేమ్స్ అలిసన్ బ్రేకు కథ

1996 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో చిన్న పరిశోధన పత్రం ఒకటి వచ్చింది. ఒక యాంటీబాడీ (ఒంట్లో ఒక లక్ష్యానికి అతుక్కునే ప్రొటీన్) ఇస్తే ఎలుకల్లో కణితులు కరిగిపోయాయని, అదే క్యాన్సర్ కణాలను ఆ తర్వాత మళ్లీ ఎక్కించినా ఆ ఎలుకలు తట్టుకున్నాయని అందులో ఉంది. అదే సూత్రం మీద తయారైన మందును మనుషులకు వాడొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది 2011 మార్చిలో. సరిగ్గా 15 ఏళ్లు. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను కొట్టే వైద్యం) మీద ఇప్పుడు రోజుకో వార్త చదువుతున్నాం కాబట్టి ఇదంతా చకచకా జరిగిపోయిందనిపిస్తుంది. కానీ ల్యాబ్‌లో అసలు ప్రయోగానికి పట్టింది కొన్ని వారాలే. మిగతా కాలమంతా నమ్మించడానికే పోయింది.

ఆ పత్రం వెనక ఉన్న మనిషి జేమ్స్ అలిసన్. 1948లో టెక్సస్ రాష్ట్రంలోని ఆలిస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి పల్లెల్లో వైద్యం చేసే డాక్టరు. తల్లి లింఫోమా అనే క్యాన్సర్‌తో చనిపోయేనాటికి ఈయనకు 11 ఏళ్లు. తర్వాత ఇద్దరు మేనమామల్నీ క్యాన్సరే తీసుకెళ్లింది. హైస్కూల్లో జీవపరిణామం లేకుండా జీవశాస్త్రం చెబుతామంటే ఆ క్లాసుకు రానని మొండికేసి, టెక్సస్ యూనివర్సిటీ కరెస్పాండెన్స్ కోర్సులో ఆ సబ్జెక్టు పూర్తి చేశారు. ఆ మొండితనం ముందు ముందు బాగా అక్కరకొచ్చింది.

అయితే తల్లి పోయింది కాబట్టి క్యాన్సర్ మీద పగబట్టి సైన్సులోకి వచ్చారని సినిమా కథ అల్లుకోనక్కర్లేదు. ఆయన్ను పట్టుకున్నది టీ కణం, అంటే రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణం. ఈ కణాలు ఎదిగే థైమస్ అనే గ్రంథికి రోగనిరోధక శక్తిలో పెద్ద పాత్ర ఉందని జాక్ మిల్లర్ చూపించింది 1961లో. అలిసన్ చదువుకునే రోజులకు టీ కణాలు ఇంకా కొత్త సంగతే. ఒంట్లో తిరుగుతూ సొంత కణమేదో, చెడిపోయిన కణమేదో అవి ఎలా పోల్చుకుంటాయో ఎవరికీ అంతుబట్టలేదు. 1977లో ఆయన ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కు చెందిన స్మిత్‌విల్ ల్యాబ్‌లో చేరారు. హ్యూస్టన్‌కు దూరంగా, చెట్ల మధ్య, పెద్దగా ఎవరూ పట్టించుకోని చోటు. టీ కణం తన లక్ష్యాన్ని పోల్చుకోవడానికి వాడే రిసెప్టర్ ప్రొటీన్‌ను 1982లో అక్కడే గుర్తించారు. పెద్ద పెద్ద ల్యాబ్‌లు వెతుకుతున్న వస్తువు అది.

అసలు మలుపు తిరిగింది 1985లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి మారాక. రిసెప్టర్ ఒక్కటే ఉంటే టీ కణం కదలదు. అది తాళంచెవి తిప్పడం లాంటిది. బండి ముందుకు పోవాలంటే యాక్సిలరేటర్ కూడా తొక్కాలి. ఆ పని చేసేది సీడీ28 అనే అణువని అలిసన్ బృందంతో పాటు మరికొందరు తేల్చారు. దాని పోలికలతోనే ఇంకో అణువు ఉంది. పేరు సీటీఎల్ఏ-4. ఫ్రాన్స్‌లో పియర్ గోల్‌స్టీన్ బృందం 1987లోనే దాన్ని కనిపెట్టింది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి కాబట్టి ఇది రెండో యాక్సిలరేటర్ అయి ఉంటుందని కొందరు రాశారు కూడా. అలిసన్ దగ్గర చదువుకుంటున్న మ్యాక్స్ క్రమెల్, షికాగోలో జెఫ్రీ బ్లూస్టోన్ బృందం విడివిడిగా పనిచేసి అది యాక్సిలరేటర్ కాదు, బ్రేకు అన్నారు. గొడవ తేల్చింది 1995లో ఎలుకలే. సీటీఎల్ఏ-4 జన్యువు తీసేసిన ఎలుక పిల్లలు మూడు నాలుగు వారాలకు మించి బతకలేదు. టీ కణాలు పట్టపగ్గాల్లేకుండా పెరిగి సొంత అవయవాల మీదే పడ్డాయి. బ్రేకు లేని బండి అంటే అదీ.

బ్రేకు అని తెలిశాక ఇమ్యునాలజీలో చాలామంది ఆటోఇమ్యూన్ జబ్బుల వైపు, అంటే నిరోధక కణాలు సొంత ఒంటి మీదే పడే జబ్బుల వైపు చూశారు. బ్రేకు ఇంకాస్త గట్టిగా తొక్కితే ఆ జబ్బులు తగ్గుతాయేమోనని వాళ్ల ఆలోచన. అలిసన్ ఉల్టాగా ఆలోచించారు. కణితి దగ్గరికి వెళ్లిన టీ కణాలు ఈ బ్రేకు వల్లే ఆగిపోతున్నాయేమో, కాసేపు ఆ బ్రేకు పడకుండా చేస్తే?

1994 చివర్లో డానా లీచ్ అనే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకుడు) ఆ ప్రయోగం చేశారు. సీటీఎల్ఏ-4ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చిన ఎలుకల్లో కణితులు మాయమయ్యాయి. ఫలితం మరీ అంత బాగుంటే శాస్త్రవేత్తకు ముందు అనుమానమే వస్తుంది. వెంటనే మళ్లీ చెయ్యమన్నారు అలిసన్. క్రిస్మస్ సెలవులకు లీచ్ ప్రయాణం ముందే ఖాయమైపోయింది. ఇంజెక్షన్లు ఇచ్చేసి వెళ్లు, కొలతలు నేను చూసుకుంటానన్నారు ఈయన. ఏ బోనులో వాటికి మందు పడిందో, వేటికి పోల్చడం కోసం పనిచేయని యాంటీబాడీ పడిందో తనకు తెలియకుండా ఏర్పాటు చేసుకుని, పండగ రోజుల్లో ల్యాబ్‌కొచ్చి ఒక్కో ఎలుకనూ పట్టుకుని కణితి కొలిచి రాసుకున్నారు. మొదట్లో అన్ని బోనుల్లోనూ పెరుగుతూనే ఉన్నాయి. అంతా పోయిందనుకున్నారు. తర్వాత కొన్ని బోనుల్లో పెరుగుదల నెమ్మదించింది, ఆగింది, వెనక్కి మళ్లింది. మందు పడ్డ ఎలుకలు అవే.

మొదట పెరిగి తర్వాత తగ్గడం అనే ఈ వరసను గుర్తుపెట్టుకోండి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మందు కొంప ముంచబోయింది ఇదే.

పత్రం అచ్చయింది గానీ, మందు చేద్దాం రండంటే కంపెనీలు మొహం చాటేశాయి. వాళ్లను పూర్తిగా తప్పు పట్టలేం. రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను కొట్టొచ్చనే మాట అప్పటికి వందేళ్ల పాతది, ఆ వందేళ్లూ ఎక్కువగా భంగపాటే. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ బ్యాక్టీరియాను కణితుల్లోకి ఎక్కిస్తే కొన్ని కరిగాయి, కొన్ని కరగలేదు, ఎందుకో ఆయన చెప్పలేకపోయారు. థైమస్ లేని ఎలుకలకు క్యాన్సర్ ఎక్కువగా రావడం లేదని 1974లో ఓసియాస్ స్టట్‌మన్ చూపించడంతో ఈ సిద్ధాంతం దాదాపు మూలన పడింది. ఆ ఎలుకల్లో నిరోధక కణాలు పూర్తిగా లేకుండా పోలేదని తర్వాతెప్పుడో తెలిసింది. 1980లలో ఇంటర్‌ఫెరాన్ అనే రోగనిరోధక ప్రొటీన్ మీద జరిగిన హడావుడి చప్పబడింది. అలాంటిదే ఇంటర్‌ల్యూకిన్-2 కొద్దిమందికి అద్భుతంగా పనిచేసింది, చాలామందికి నరకం చూపించింది. ఇన్ని చూసినవాళ్లకు ‘ఎలుకల్లో తగ్గింది’ అంటే నవ్వే వస్తుంది.

చివరికి ముందుకొచ్చింది మెడరెక్స్ అనే చిన్న కంపెనీ. అలిసన్ ల్యాబ్ వాడింది హామ్‌స్టర్ యాంటీబాడీ. అది మనుషులకు పనికిరాదు. మనిషి యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలుకలు మెడరెక్స్ దగ్గర ఉన్నాయి. వాటి నుంచి వచ్చిన మందే తర్వాత ఇపిలిముమాబ్ అయింది. దాన్ని దగ్గరుండి ముందుకు తోయడానికి అలిసన్ 2004లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌కు మారారు.

అక్కడ కొలబద్ద దగ్గర పేచీ వచ్చింది. అప్పటి లెక్కలన్నీ కీమో కోసం రాసుకున్నవి. కీమో కణితిని నేరుగా చంపుతుంది కాబట్టి కొన్ని వారాల్లో స్కాన్‌లో తగ్గితే పనిచేసినట్టు, పెరిగితే ఫెయిలైనట్టు. ఈ మందు కణితిని ముట్టుకోదు. టీ కణాల బ్రేకు తీస్తుందంతే. అవి లోపలికి దూరితే స్కాన్‌లో కణితి ముందు పెద్దదిగా కనబడొచ్చు, కొత్త మచ్చలూ తేలొచ్చు. స్కాన్ చూసి మందు ఆపేద్దామనుకున్న పేషెంటు, నాకు బాగానే ఉంది డాక్టరుగారూ అంటూ నెలల తర్వాత నడుచుకుంటూ వచ్చేవాడు. ఇదే రకం మందుతో ఫైజర్ నడిపిన పెద్ద ట్రయల్‌ను మధ్యంతర లెక్కలు చూసి 2008లో ఆపేశారు. ఇపిలిముమాబ్ ట్రయల్‌లో మాత్రం అసలు కొలతనే మార్చారు: స్కాన్‌లో ఎంత తగ్గిందని కాదు, మనిషి ఎంతకాలం బతికాడన్నది చూద్దామన్నారు. అలా చూడాలంటే ఇంకొన్నేళ్లు ఆగాలి. ఇంత డబ్బు పెట్టినవాళ్లు అందుకు ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. నా ఉద్దేశంలో ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ధైర్యమైన నిర్ణయం అదే. దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

2010 జూన్‌లో ఫలితం వచ్చింది. ముదిరిపోయిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) ఉన్న 676 మంది మీద ట్రయల్. పోల్చడానికి ఒక వ్యాక్సిన్ ఇచ్చినవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 6.4 నెలలు, ఈ మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 10 నెలలు. వినడానికి తక్కువే. కానీ గ్రాఫు చివర చూడాలి. మందు తీసుకున్నవాళ్లలో సుమారు ఐదో వంతు మంది మూడేళ్లు దాటారు, దాటినవాళ్లలో చాలామంది ఆ తర్వాతా బతికే ఉన్నారు. గీత కిందికి జారడం మానేసి అడ్డంగా సాగింది. ఈ జబ్బులో అంతకుముందు అలాంటి గీత చూసినవాళ్లు లేరు. దుష్ప్రభావాలు మాత్రం తక్కువేమీ కాదు. బ్రేకు తీస్తే టీ కణాలు పేగుల మీదా, కాలేయం మీదా, పిట్యూటరీ గ్రంథి మీదా కూడా పడతాయి. ట్రయల్‌లో దుష్ప్రభావాలకు కొందరు చనిపోయారు కూడా.

జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లోనే పీడీ-1 అనే అణువును కనిపెట్టింది. అది ఇంకో బ్రేకని తర్వాత తేలింది. దాన్ని అడ్డుకునే మందులు 2014లో వచ్చాయి. ఇపిలిముమాబ్ కంటే ఎక్కువ రకాల క్యాన్సర్లకు పనికొచ్చాయి, ఒంటికి కాస్త తేలిక కూడా. 2018లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. అలిసన్ 2012లోనే మళ్లీ ఎం.డి. ఆండర్సన్‌కు వెళ్లిపోయారు. ఈ శాస్త్రవేత్తలు, డాక్టర్లే కొందరు కలిసి పెట్టుకున్న బ్యాండ్‌లో ఆయన మౌత్ ఆర్గాన్ వాయిస్తారు. ఇలాంటి బ్రేకులను సైన్సులో చెక్‌పాయింట్లంటారు, ఆ బ్యాండ్ పేరు కూడా చెక్‌పాయింట్సే.

మెలనోమా, ఊపిరితిత్తుల, మూత్రపిండాల క్యాన్సర్లలో పనిచేసిన ఈ మందులకు ప్రొస్టేట్ క్యాన్సర్ పెద్దగా లొంగలేదు. అలిసన్ వాళ్ల అన్నయ్య 2005లో దానితోనే పోయారు. ఈయనకూ అదే వచ్చింది, తొందరగా బయటపడింది కాబట్టి ఆపరేషన్‌తో గట్టెక్కారు. ఆ కణితి దగ్గర టీ కణాలు ఎందుకు మొరాయిస్తున్నాయో ఆయనా, ఆయన భార్య అయిన క్యాన్సర్ వైద్యురాలు పద్మనీ శర్మా కలిసి ఇప్పటికీ వెతుకుతున్నారు.