కిడ్నీలో రాయి ఉండి చలిజ్వరం వస్తే

తిరుపతి

ప్రియమైన పిల్లలూ,

మీ పెద్దవ్వకు కిడ్నీలో రాయి ఉందని తెలిసినప్పటి నుంచి మీరు టెన్షన్ పడుతున్నారని మీ అమ్మ చెప్పింది. మన ఎండలకు చెమట ఎక్కువ పట్టి, నీళ్లు తక్కువ తాగి, ఈ ఊళ్లో చాలామందికి రాళ్లు వస్తూనే ఉంటాయి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు మూత్రంలో వాటంతటవే పడిపోతాయి. నొప్పి భయంకరంగా ఉన్నా, నన్ను ఎక్కువగా భయపెట్టేది నొప్పి కాదు, దానితోపాటు వచ్చే జ్వరం.

రాయి జారి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళంలో ఇరుక్కుంటే కిడ్నీలో మూత్రం నిలిచిపోతుంది. కాలువకు అడ్డం పడితే నీళ్లు కుళ్లినట్టే, అక్కడ సూక్ష్మజీవులు చేరితే చీము పడుతుంది. అది రక్తంలోకి పాకితే బీపీ పడిపోయి, కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసో, వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టో ముందు ఆ మూత్రాన్ని బయటికి తీస్తారు. ఇన్ఫెక్షన్ తగ్గాకే రాయి సంగతి చూస్తారు. ఇంకో మాట బాగా గుర్తుపెట్టుకోండి. దారి పూర్తిగా మూసుకుంటే ఆ చెడిన మూత్రం కిందికి దిగదు కాబట్టి, యూరిన్ టెస్టు బాగుందని వచ్చినా నమ్మి ఊరుకోకూడదు.

ఇది అందరికీ ఒకేలా రాదు. ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. పెద్దవ్వకు ఈ మూడూ ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. గర్భిణులు, ఒక్క కిడ్నీతోనే బతుకుతున్నవాళ్లు, స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లు, మూత్రం గొట్టం పెట్టించుకున్నవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. యూరిన్ ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చేవాళ్లలో కొందరికి ఆ సూక్ష్మజీవులే రాయిని పెంచుతాయి. అవి రాయి లోపలే దాక్కుంటాయి, మందు అక్కడిదాకా పోదు. అలాంటి రాయిని పూర్తిగా తీసేయాల్సిందే.

స్టెంట్ వేయించుకుని మరిచిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. నొప్పి పోయింది కదా అని మళ్లీ ఆస్పత్రికి పోరు. లోపల దాని చుట్టూ కూడా రాయి కట్టి, ఇన్ఫెక్షన్‌కు చోటిస్తుంది. డాక్టరు చెప్పిన తేదీకి తీయించుకోవాలి.

కొండపిండాకు, అరటి దూట రసం మన ఇళ్లలో వాడతారు, తెలుసు. జ్వరం వచ్చిన రోజు మాత్రం వాటితో కాలం గడపకండి. నొప్పి మాత్ర వేస్తే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం అడ్డం అలాగే ఉంటుంది.

పెద్దవ్వకు నడుము పక్కన నొప్పితో వణుకు, జ్వరం, వాంతులు వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లలో జ్వరం లేకుండానే మాట తడబడడం, మగతగా ఉండడం కనిపించవచ్చు. రాత్రయినా తెల్లారేదాకా ఆగొద్దు. స్విమ్స్‌కో రుయా ఆస్పత్రికో చేరగానే "రాయి ఉంది, షుగర్ ఉంది, జ్వరం వచ్చింది" అని మొదటే చెప్పండి. పాత స్కానింగ్ రిపోర్టు బీరువాలో పైఅరలో పెట్టాను, అది కూడా తీసుకెళ్లండి.

మీ తాత