శవం మీది ఈగలు, వేడి, డ్రగ్స్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో తాళం వేసిన పీజీ గదిలోనో, చెన్నై శివార్లలో రేకుల షెడ్డులోనో నాలుగైదు రోజుల నాటి శవం దొరికితే స్టేషన్ నుంచి మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎప్పుడు పోయాడు? ఈమధ్య దాని వెనకాలే ఇంకోటి వస్తోంది: డ్రగ్స్ అలవాటుందట, శవం మీది ఈగ పురుగుల వయసును బట్టి కట్టే లెక్క మారుతుందా? మారుతుంది. కాకపోతే డ్రగ్స్ గురించి ఇంతమంది అడుగుతారు గానీ థర్మామీటర్ గురించి ఎవరూ అడగరు. ఈ పని చేసేవాళ్లుగా మేం చెప్పేదేమిటంటే, లెక్కను ఎక్కువగా చెడగొట్టేది ఆ రెండోదే.

అపోహ: పురుగును చూసి చనిపోయిన టైము చెప్పేయొచ్చు.

పురుగు చెప్పేది తన వయసు మాత్రమే. ఈగ గుడ్లు పెట్టి ఎంతసేపైందో తెలుస్తుంది, అంటే మనిషి చనిపోయి కనీసం అంతసేపైంది అని అర్థం. కిటికీలు బిగించిన గదిలో, టార్పాలిన్‌లో చుట్టిన శవం దగ్గరికి ఈగ చేరేసరికి ఒక్కోసారి రోజులు పడుతుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. మంచాన పడి, చూసే దిక్కులేని పెద్దవాళ్ల పక్కపుండ్లకు బతికుండగానే పురుగులు పడతాయి. నడుము దగ్గర పెద్ద పురుగులు, కళ్లలో ముక్కులో చిన్నవి కనిపిస్తే ముందు ఆ అనుమానం రావాలి. అందుకే ఏ పురుగు ఒంట్లో ఎక్కడ దొరికిందో డబ్బా మీద రాయకపోతే ఆ డబ్బాకు సగం విలువే.

అపోహ: ఆ వారం ఊళ్లో ఎంత ఎండో ఫోన్‌లో చూసుకుంటే చాలు.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. కాస్త వివరంగా చూద్దాం.

ఈగ పిల్ల ఎదుగుదల దాని ఒంటికి తగిలిన వేడిని బట్టి నడుస్తుంది. ఒక్కో జాతికి ఒక కనీస ఉష్ణోగ్రత ఉంటుంది, దాని కింద ఎదుగుదల దాదాపు ఉండదు. ఆ గీతకు పైన ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అని గుణించి, గంట గంటకూ కూడితే వచ్చేవి డిగ్రీ-గంటలు. లెక్క అర్థం కావడానికి ఊహాసంఖ్యలు తీసుకుందాం. ఒక దశ చేరడానికి 1200 డిగ్రీ-గంటలు కావాలి, కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలు. మే నెల చెన్నైలో సగటున 32 డిగ్రీలనుకుంటే 1200ను 22తో భాగించాలి, సుమారు 55 గంటలు. డిసెంబరు బెంగళూరులో సగటున 21 అనుకుంటే 1200ను 11తో భాగించాలి, 109 గంటలు. అదే ఈగ, అదే దశ, టైము రెట్టింపు.

ఇప్పుడు రెండు చోట్లా 3 డిగ్రీలు ఎక్కువ రాశామనుకోండి. చెన్నైలో 35 అని వేస్తే 48 గంటలొస్తుంది, తేడా ఏడు గంటల లోపే. బెంగళూరులో 24 అని వేస్తే 86 వస్తుంది, తేడా 23 గంటలు. దాదాపు ఒక రోజు. చల్లటి ఊళ్లో థర్మామీటర్ తప్పు అంత గట్టిగా తగులుతుంది. ఈ 23 గంటలను గుర్తుపెట్టుకోండి, డ్రగ్స్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

చెన్నైలో వేరే చిక్కుంది. వేడి పెరిగేకొద్దీ ఎదుగుదల అదే పనిగా పెరగదు. ఒక హద్దు దాటాక మందగిస్తుంది, ఆపైన పురుగులే చస్తాయి. అగ్నినక్షత్రం (మే నెల మండుటెండల) రోజుల్లో రేకుల కింద మధ్యాహ్నపు గంటలకు ఈ సూటి కూడిక పనికిరాదు.

నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల అంకెలు నీడలో, పెట్టెలో పెట్టిన థర్మామీటర్‌వి. సముద్రపు గాలి సోకే వీధికీ, సోకని సందుకూ తేడా ఉంటుంది. బెంగళూరు మరఠాహళ్లి పీజీలో ఏసీ 20 మీద ఆడుతూ వదిలేసిన గదికి ఊరి వేడితో సంబంధమే లేదు. ఆ గదిలో సెట్టింగ్ ఎంతుందో, ఏసీ నిజంగా ఆడుతోందో లేదో, ఆ వారంలో కరెంటు ఎప్పుడు పోయిందో కూడా కావాలి. ఏసీ ఆపి కిటికీ తెరిచాకే లోపలికి వెళ్లడం మనవాళ్ల అలవాటు. వాసన భరించలేరు, తప్పుపట్టలేం. ఆపే ముందు రిమోట్ మీది అంకెను ఫోటో తీయడానికి రెండు సెకన్లు చాలు.

స్థలంలో చేయాల్సింది ఇదీ. శవం పక్కన మనిషి నడుము ఎత్తులో, నీడలో గాలి వేడి. శవం పైభాగం. శవం కింద నేల, 5 సెంటీమీటర్ల లోతు. పురుగుల గుంపు నడిమధ్యలో గుచ్చే థర్మామీటర్. ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొరనే చదువుతుంది, గుంపు లోపలి సంగతి దానికి తెలియదు. తర్వాత ఒక డేటా లాగర్‌ను (వేడిని తనంతట తానే నమోదు చేసుకుంటూ పోయే పరికరం) అక్కడే 5 నుంచి 10 రోజులు వదిలేసి, అవే రోజుల వాతావరణ కేంద్రం గంటల అంకెలతో పోల్చి, ఆ తేడాతో గడిచిన రోజుల వేడిని సరిదిద్దుకోవాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 176(3) చెబుతోంది. ఎలాగూ వస్తున్నారు కాబట్టి ఒక లాగర్ వదిలి వెళ్లడం పెద్ద పని కాదు.

గుంపు వేడి మీద ఇంకో మాట. వందల పురుగులు ఒకచోట ముద్దగా తింటుంటే లోపల గాలి కన్నా 10, 20 డిగ్రీలు ఎక్కువ పుడుతుంది. అలా అని మొత్తం వయసును ఆ వేడితోనే లెక్కకట్టకూడదు. చిన్న పురుగులు అంత వేడి పుట్టించవు, పెద్దవి వేడెక్కితే అంచుకు జరిగి చల్లబడతాయి.

అపోహ: మార్చురీ ఫ్రిజ్‌లో పెట్టిన క్షణం నుంచి గడియారం ఆగిపోతుంది.

గుంపు చిన్నదైతే నిజానికి దగ్గరే. గుంపు పెద్దదై, శవం బ్యాగులో ఉంటే లోపలి వేడి గంటల తరబడి తగ్గదు, అవి తింటూనే ఉంటాయి. శవం ఎప్పుడు లోపలికి వెళ్లింది, ఎప్పుడు బయటికి వచ్చింది, ఫ్రిజ్ డిస్‌ప్లే ఎంత చూపింది అన్నవి మూడూ రాసుకోవాలి. పురుగులను ఫ్రిజ్‌కు ముందే తీస్తే ఈ గొడవే ఉండదు.

అపోహ: డ్రగ్స్ ఉంటే పురుగులు వేగంగా పెరుగుతాయి.

ఈ మాట పుట్టడానికి కారణం ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో లీ గాఫ్ బృందం 1989లో కొకైన్ ఇచ్చిన కుందేళ్ల మీద బోచెరిస్కా పెరెగ్రినా అనే మాంసపు ఈగను పెంచింది. ఎక్కువ మోతాదుల దగ్గర పురుగులు వేగంగా ఎదిగాయి. 1991లో హెరాయిన్‌తో చేస్తే పురుగు దశ త్వరగా ముగిసింది, ప్యూపా దశ (పురుగు ఈగగా మారే ముందు గట్టి తొక్కలో ఉండే దశ) మాత్రం సాగింది. పురుగును చూసి లెక్కకడితే 29 గంటల దాకా, ప్యూపాను చూస్తే 18 నుంచి 38 గంటల దాకా తప్పు రావచ్చని వాళ్లు చూపించారు. అంటే ఒకే డ్రగ్, ఒకే ఈగ, దశను బట్టి తప్పు దిశే మారింది.

1999లో ఫ్రాన్స్‌లో బూరెల్ బృందం మార్ఫిన్ ఇచ్చిన కుందేళ్ల మీద లూసీలియా సెరికాటా అనే ఈగను పెంచితే ఎదుగుదల మందగించింది. ఆ సంగతి పట్టించుకోకపోతే చనిపోయి గడిచిన కాలాన్ని 24 గంటల దాకా తక్కువగా చెబుతాం. హెరాయిన్ ఒంట్లో మార్ఫిన్‌గానే మారుతుంది, అయినా ఈగ మారేసరికి ఫలితం తిరగబడింది. కాలిఫోరా విసీనా అనే ఇంకో ఈగ మీద పారాసిటమాల్ కూడా చిన్న ప్రభావం చూపింది: మధ్య రోజుల్లో కాస్త వేగం, 12 గంటల దాకా తేడా. ఇంటింటా ఉండే మాత్ర అది.

మన దగ్గర శవం మీదికి మొదట వచ్చే ఈగలు ఎక్కువగా క్రైసోమియా మెగాసెఫాలా, క్రైసోమియా రుఫిఫేసీస్, లూసీలియా కుప్రినా, కొన్ని సార్కోఫాగాలు (మాంసపు ఈగలు). ఒక జాతి మీది అంకెను ఇంకో జాతికి తగిలించి రిపోర్టు రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. ఇక ఇందాకటి 23 గంటలను గుర్తు తెచ్చుకోండి. మార్ఫిన్ తెచ్చే తప్పూ, బెంగళూరు చలికాలంలో 3 డిగ్రీల తప్పూ దాదాపు సమానం. రెండూ ఒకే వైపు కలిశాయా, రిపోర్టు రెండు రోజులు పక్కకు పోతుంది.

డ్రగ్ ఒంటినిండా ఒకేలా ఉండదు కూడా. అమెరికాలోని స్పోకేన్ దగ్గర దొరికిన ఒక యువతి శవం మీద పురుగులు చాలావరకు వారం వయసువి. ముక్కు ప్రాంతంలో దొరికిన ఒకటి మాత్రం 17.7 మిల్లీమీటర్లు, మామూలు లెక్కలో మూడు వారాలదిగా కనిపించింది. చనిపోయే ముందు ఆమె కొకైన్ ముక్కుతో పీల్చింది. అన్ని పురుగులనూ ఒకే డబ్బాలో వేసి ఉంటే ఆ విషయం బయటపడేది కాదు.

అపోహ: పొడవైన పురుగే వయసులో పెద్దది.

తిండి మానేసి ప్యూపా కావడానికి వెళ్లే పురుగు కుంచించుకుపోతుంది. కాబట్టి 14 మిల్లీమీటర్ల పురుగు పెరుగుతున్నదీ కావచ్చు, పెరిగి తగ్గుతున్నదీ కావచ్చు. చర్మం పలచన కనుక ముందుభాగంలో తిండిసంచి ముదురు రంగు ముద్దలా బయటికే కనిపిస్తుంది. అది నిండుగా ఉంటే ఇంకా తింటున్నట్టు, లేకపోతే మానేసినట్టు. దశ తెలియాలంటే వెనక చివర మైక్రోస్కోప్ కింద పెట్టండి. రెండు గోధుమరంగు శ్వాసరంధ్రపు పలకలుంటాయి. ఒక్కో పలకలో రెండు చీలికలుంటే రెండో దశ, మూడుంటే మూడో దశ. ఒంటినిండా కండ మొనలున్నది రుఫిఫేసీస్. అది పక్క జాతి పురుగులను కూడా తినేస్తుంది. ముందొచ్చిన ఈగల పిల్లలను అది తినేస్తే మిగిలేది ఆలస్యంగా వచ్చిన జాతే, వయసు తక్కువగా వస్తుంది.

అపోహ: ఫార్మలిన్ సీసాలో వేసేస్తే భద్రం.

ప్రాణంతో ఉన్న పురుగును నేరుగా ఫార్మలిన్‌లోనో ఆల్కహాల్‌లోనో వేస్తే ముడుచుకుని నల్లబడుతుంది, పొడవు పనికిరాదు. ఫార్మలిన్ డీఎన్ఏను కూడా చెడగొడుతుంది. తీసిన పురుగులను మూడు భాగాలు చేయండి. మొదటి భాగాన్ని 80 డిగ్రీలు దాటిన నీళ్లలో అర నిమిషం ఉంచితే పురుగు నిటారుగా సాగి, తెల్లగా ఉండిపోతుంది. తర్వాత 80 శాతం ఇథనాల్. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్తే బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డు కూడలి దాటేసరికే చల్లారతాయి, ఎలక్ట్రిక్ కెటిల్ పట్టుకెళ్లండి.

రెండో భాగం ప్రాణంతో పెంచడానికి: మేక లివర్ ముక్క, అడుగున రంపపు పొట్టు, మూతికి పలచటి గుడ్డ, లోపల లాగర్. ఈగ బయటికొచ్చాకే జాతి రూఢిగా తేలుతుంది. డబ్బాను జీపులో ఎండకు వదలొద్దు. ప్రయాణంలో తగిలిన వేడి కూడా లెక్కలోకే వస్తుంది.

మూడో భాగం టాక్సికాలజీకి (డ్రగ్స్, విషాల పరీక్షకు): ఇంకా తింటున్న పురుగులు 50 దాకా, నీళ్లతో కడిగి, టిష్యూతో అద్ది, వెంటనే మైనస్ 20లో. ఆలస్యం చేస్తే అవి మందును విసర్జించేస్తాయి. ఈ కారణంగానే పురుగులో ఎంత మందుందో కొలిచి మనిషి ఎంత తీసుకున్నాడో చెప్పలేం. ఉందా లేదా అన్నంత వరకే దాని సాక్ష్యం. కనిపించకపోతే తీసుకోలేదనీ కాదు.

అపోహ: పురుగుమందు తాగిన శవానికి పురుగులు పట్టవు.

ఆలస్యంగా పడతాయి. నోటి దగ్గర, పొట్ట దగ్గర గుడ్లు తగ్గవచ్చు, గాయాల దగ్గర మామూలుగానే ఉండవచ్చు. హోనొలులులో మలాథియాన్ కేసులో మెగాసెఫాలా, రుఫిఫేసీస్ పురుగుల్లోనే ఆ మందు దొరికింది, 1989లో దాన్ని ప్రచురించారు. ఇక్కడ మన మార్చురీలకు ఒక మనవి: నమూనా తీసేవరకు శవం మీద ఫినాయిల్, దోమల స్ప్రే కొట్టొద్దు. స్ప్రే కొట్టాక పురుగులో మందు దొరికితే అది తాగిందో చల్లిందో ఎవరూ తేల్చలేరు.

అపోహ: రాత్రి ఈగలు గుడ్లు పెట్టవు.

సాధారణంగా పెట్టవు, ఎప్పుడూ పెట్టవని కాదు. రాత్రిపూట గుడ్లు పెట్టడాన్ని మన దేశంలో కూడా ప్రయోగాల్లో చూశారు. "రాత్రి కాబట్టి" అని ఎనిమిది గంటలు కలిపేసుకోవడం తప్పు.

అపోహ: ఈగలు ఎగిరిపోయాక మిగిలిన తొక్కలు చెత్తే.

శవం ఎండిపోయి రక్తం, కాలేయం ఏమీ మిగలనప్పుడు ఆ ఖాళీ ప్యూపా తొక్కల్లోంచి మందుల ఆనవాళ్లు తీసినవాళ్లున్నారు. ఇంట్లో అయితే మంచం కింద, చాప మడతల్లో, గుమ్మం సందుల్లో వెతకాలి. బయట అయితే శవం చుట్టూ కొన్ని మీటర్ల దాకా పైమట్టిని జల్లెడ పట్టాలి. తొక్కలను కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమకు బూజు పడుతుంది.